దారిలో ఆగిన ఊరు: లాంగోలెన్‌లో మూడు రాత్రులు

మా నాన్న ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు పైగా పనిచేసి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. అమలాపురం చుట్టుపక్కల ఏ కాలువ ఎక్కడ తెగుతుందో, ఏ లాకు తలుపు ఎన్నిసార్లు మార్చారో ఆయనకి నోటికొచ్చు. లండన్ తీసుకెళ్తే బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి "బానే ఉంది" అన్నారు. థేమ్స్ వరద గేట్ల దగ్గర మాత్రం గంటన్నర కదల్లేదు. అందుకే మూడు రోజులు సెలవు దొరికినప్పుడు మా ఆయన లేక్ డిస్ట్రిక్ట్ అంటుంటే నేను వేల్స్‌లోని లాంగోలెన్ అని పట్టుబట్టాను. అక్కడ నది మీదుగా గాల్లో పోయే కాలువ ఉంది. మా ఇల్లు బర్మింగ్‌హామ్‌లో. కారులో రెండు గంటల దారి.

ముందు ఊరి పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి లాంగోలెన్ అంటాం కానీ వేల్ష్ వాళ్ళు అలా పలకరు. ఆ జంట ఎల్ ఉన్నచోట నాలుకని 'ల' అనడానికి పెట్టి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. తెలుగులో దానికి అక్షరం లేదు. మా గెస్ట్‌హౌస్ ఆవిడ నాలుగుసార్లు చెప్పించింది. అమ్మకి మొదటిసారే వచ్చేసింది, నాకు మూడు రోజులకీ రాలేదు. 'లాన్' అంటే గుడి ఆవరణ, కొలెన్ అనే సాధువు పేరు వెనక చేరింది. మన ఊళ్ళకి పల్లి, పాడు, పూడి ఉన్నట్టు అక్కడ ప్రతి మూడో ఊరూ లాన్‌తో మొదలవుతుంది.

బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. రోడ్డు మీద తెల్ల రంగుతో వేల్ష్‌లో ఒక మాట, కింద ఇంగ్లీషులో 'స్లో' అని రాసి ఉంటుంది. పైదాన్ని ఎలా పలకాలో వెతికితే 'ఆరవ్' అని తేలింది, వాళ్ళకి ఒంటరి ఎఫ్ అంటే 'వ' శబ్దం. "మన సుబ్బలక్ష్మి మనవడి పేరు కదే! రోడ్డంతా వాడి పేరే రాశారేమిటి?" అంది అమ్మ. ఆ తర్వాత మలుపు వచ్చినప్పుడల్లా వెనక సీట్లోంచి "ఆరవ్, ఆరవ్" అని మా ఆయనకి హెచ్చరిక.

మేం వెళ్ళిన దారి ఎ5. లండన్ నుంచి హోలీహెడ్ రేవు దాకా, అక్కడి నుంచి ఓడలో డబ్లిన్‌కి. 1801లో ఐర్లండ్‌ని బ్రిటన్‌లో కలిపేశాక ఐరిష్ ఎంపీలూ, టపా బళ్ళూ లండన్‌కి తిరగడం ఎక్కువైంది. అప్పటి దారిలో చక్రాలు విరిగేవి. దాంతో థామస్ టెల్ఫర్డ్ అనే స్కాట్లండ్ ఇంజనీరుకి పని అప్పగించారు. గుర్రాలు ఆయాసపడకుండా ఇరవై అడుగుల దూరానికి అడుగు మించి ఎత్తు పెరగకూడదని లెక్క పెట్టుకుని ఆయన కొండల్లో రోడ్డు వేశాడు. ఇప్పటికీ కారులో ఆ తేడా తెలుస్తుంది, అటూ ఇటూ నిటారు కొండలున్నా రోడ్డు మాత్రం మెల్లగా ఎక్కుతూ పోతుంది.

లాంగోలెన్ పుట్టుకతోనే దారిలో ఊరు. మూడున్నర వేల చిల్లర జనాభా. ఇరుకు లోయ, నడుమ డీ నది. ఆ ఇరుకులోనే రోడ్డు, కాలువ, రైలుపట్టా అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దూరాయి. ఎవరూ లాంగోలెన్ కోసం వేసినవి కావు. అన్నీ ఇంకెక్కడికో పోతూ ఇక్కడ ఆగినవే.

ఊరికి మొదటి ఆధారం వంతెన. 14వ శతాబ్దంలో ట్రెవర్ అనే బిషప్ కట్టించాడని చెప్తారు. ఇప్పుడున్న రాతి కట్టడం చాలావరకు 1500 ప్రాంతాలది. 1873లో ఒకసారి, 1960ల్లో ఇంకోసారి వెడల్పు చేశారు. అందుకే పక్క నుంచి చూస్తే రాళ్ళు వేర్వేరు వయసులవని తెలిసిపోతుంది. వేల్స్ ఏడు వింతల పాత పద్యంలో దీనికీ చోటుంది. నిజం చెప్పాలంటే వింతేమీ కనిపించదు. నాలుగు కమానుల వంతెన, దాని మీద ఎప్పుడూ ట్రాఫిక్. కానీ కింద నది చూడాలి. పలకలు పలకలుగా పరిచినట్టున్న బండల మీద నల్లటి నీళ్ళు తెల్లగా విరుగుతూ, పెద్ద చప్పుడుతో పోతుంటాయి. మన గోదావరి నిండుగా నోరు మెదపకుండా పోతుంది. ఇది ఏరంత ఉండి రోజంతా మాట్లాడుతుంది.

నదికి వేల్ష్ పేరు దవర్‌డుయ్. అందులో నీరూ ఉంది, దైవమూ ఉంది. రోమన్లు ఇదే నది ఒడ్డున చెస్టర్‌లో కోట కట్టుకుని, నది పేరుతోనే దాన్ని డేవా అన్నారు. దేవత అని అర్థం. మన సంస్కృత 'దేవి'కీ ఆ మాటకీ వేరు ఒకటే. ఇది చెప్పగానే అమ్మ చెప్పులు విప్పేసి మెట్లు దిగి, మూడుసార్లు నీళ్ళు నెత్తిన జల్లుకుంది. పక్కన కయాక్‌లు మోసుకుపోతున్న కుర్రాళ్ళు ఆగి చూశారు. జూన్ నెలలో కూడా ఆ నీళ్ళు ఐసులా ఉన్నాయి, ఆ విషయం అమ్మ తర్వాత చెప్పింది.

ఇక బస. మొదటి రెండు రాత్రులు ఊళ్ళో పాత ఇంట్లో గెస్ట్‌హౌస్. డబుల్ రూమ్ ఒక్కోటి రాత్రికి 105 పౌండ్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి. శుభ్రం, మర్యాద, పరుపు అన్నిటికీ నూటికి నూరు మార్కులు. తిండి దగ్గర ఆవిడ ఓపికకి దండం పెట్టాలి. అమ్మ గుడ్డు తినదంటే పుట్టగొడుగులు, టమాటా, బీన్స్, రొట్టె వేరే పెనం మీద చేసి పెట్టింది. ఇబ్బంది అంతా మెట్లతో. ఇక్కడి పాత ఇళ్ళలో లిఫ్టు ఉండదు, మెట్లు నిచ్చెనలా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి పైఅంతస్తు గది ఇచ్చారు. తప్పు నాదే, బుక్ చేసేటప్పుడు అడగలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కింద గది ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మూడో రాత్రి సరదాపడి నది పక్కనే ఉన్న ఒక హోటల్‌కి మారాం. కిటికీ తీస్తే నది. డబ్బు దాదాపు ఒకటిన్నర రెట్లు. స్నానాల గదిలో వేడినీళ్ళు పొద్దున ఏడింటికే అయిపోయాయి, కిందకి ఫోన్ చేస్తే "అరగంట ఆగండి" అన్నారు, అది గంటన్నర అయింది. నది చప్పుడుకి నాకు హాయిగా నిద్రపట్టింది, మా ఆయనకి రాత్రంతా వాన కురుస్తున్నట్టే అనిపించిందట. మళ్ళీ వెళ్తే గెస్ట్‌హౌస్‌కే వెళ్తాను, కింద గదికి. నది చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, వంతెన మీద నిలబడితే చాలు.

కారు పార్కింగ్ ఈ ఊరికి పెద్ద తలనొప్పి. మార్కెట్ స్ట్రీట్‌లోని పెద్ద పార్కింగ్ పదకొండు గంటలకల్లా నిండిపోతోంది. రైల్లో వచ్చేవాళ్ళు రుయాబన్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి టి3 బస్సు ఈ ఊరి మీదుగా డీ నది వెంబడే పైకి, సముద్రం ఒడ్డున ఉన్న బార్మత్ దాకా పోతుంది. ఆదివారం బస్సులు తక్కువ. లోయలో ఫోన్ సిగ్నల్ కూడా ఉన్నట్టుండి పోతుంది కాబట్టి టైముల పట్టిక ముందే ఫొటో తీసి పెట్టుకోవాలి.

రెండో రోజు నాన్న రోజు.

పొద్దున్నే బస్సులో ట్రెవర్ అనే ఊరి దాకా వెళ్ళి దిగాం. అక్కడే పోంట్‌కసిల్టె అక్విడక్టు, అంటే నది మీదుగా కాలువని మోసే వంతెన. ఇందులోనూ ఆ గాలి వదిలే ఎల్ ఉంది, నేను రాసినట్టు పలకకండి. కట్టింది ఆ టెల్ఫర్డే, పైన పెద్ద ఇంజనీరు విలియం జెస్సప్. 1795లో మొదలుపెట్టి 1805 నవంబర్‌లో నీళ్ళు వదిలారు. పద్ధెనిమిది రాతి స్తంభాలు, పంతొమ్మిది కమానులు, వాటి మీద పోత ఇనుప తొట్టి. పొడవు 307 మీటర్లు, నది నుంచి ఎత్తు 38 మీటర్లు. అప్పట్లో 47 వేల పౌండ్లు అయింది. 2009లో యునెస్కో దీన్నీ, దీనితో పాటు పదకొండు మైళ్ళ కాలువనీ ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

అంకెలు అలా ఉంచండి. ఒక పక్క నడిచే దారి, దానికి ఇనుప కటకటాలు ఉన్నాయి. రెండో పక్క ఏమీ లేదు. తొట్టి అంచు నీళ్ళ మీద జానెడు లేస్తుంది, ఆ తర్వాత ఆకాశమే. పడవలో కూర్చున్నవాళ్ళు అటు తిరిగి చూస్తే కాళ్ళ కింద ఏమీ లేనట్టు ఉంటుంది. మా ఆయనకి ఎత్తంటే భయం, సగం దూరం పోయి కళ్ళు మూసుకుని వెనక్కి వచ్చేశారు. అమ్మ మాత్రం నెమ్మదిగా, "నీళ్ళకి లేని భయం మనకెందుకు" అంటూ నడిచింది.

నాన్న ఎక్కువ మాట్లాడలేదు. మా పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద పాత అక్విడక్టు ఉంది, కాటన్ దొర కాలంలోది. దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆయన ఉద్యోగంలో ఎన్ని వేసవులు ఆ పాత కమానుల కింద గడిచాయో. అందుకని ఆయన ముందు వంగి, తొట్టి అతుకులు చూశారు. ఇనుప రేకుల సందుల్లో వేల్ష్ ఉన్ని గుడ్డ కుక్కి, తెల్ల సీసం పూశారనీ, స్తంభాల సున్నంలో ఎద్దు రక్తం కలిపారనీ చెప్తారు. అది విని అమ్మ "శివ శివా" అంది. నాన్న మాత్రం "మన వాళ్ళు బెల్లం, కరక్కాయ పోసేవారు. అంటుకోవడానికి ఎవరికి దొరికింది వాళ్ళు పోశారు" అన్నారు. ఇంకో విషయం ఆయనకి తెగ నచ్చింది. తొట్టి మధ్యలో బాత్‌టబ్‌కి ఉన్నట్టు బిరడా ఉంది. కొన్నేళ్ళకొకసారి రెండు చివరలా మూసేసి ఆ బిరడా లాగితే కాలువ నీళ్ళన్నీ 38 మీటర్ల కింద నదిలోకి దూకుతాయి, అప్పుడు తొట్టి తనిఖీ చేస్తారు. "ఆ రోజు మళ్ళీ ఎప్పుడో కనుక్కోవే, అప్పుడు టికెట్ తీసుకుని వస్తాను" అన్నారు నిజంగానే.

అక్కడి నుంచి ఊరికి కాలువ గట్టు మీద నాలుగు మైళ్ళ నడక. అమ్మా, మా ఆయనా బస్సెక్కారు. నేనూ నాన్నా నడిచాం. ఈ యాత్ర మొత్తంలో నాకు మిగిలింది ఆ రెండు గంటలే. ఒక పక్క ఓక్ చెట్లు, ఇంకో పక్క లోయలో పచ్చిక, గొర్రెలు. కాలువలో రంగురంగుల సన్నపడవలు, నడకకన్నా నెమ్మదిగా పోతున్నాయి. నాన్న ఒకచోట ఆగి, ఒక ఆకు నీళ్ళలో వేసి వాచీ చూసుకున్నారు.

"అమ్మాయ్, ఇది పడవల కాలువ కాదే. ఇందులో ప్రవాహం ఉంది. బర్మింగ్‌హామ్‌లో మీ ఇంటి వెనక కాలువలో నీళ్ళు చచ్చినట్టు పడుంటాయి కదా. ఇది ఫీడరు, ఇంకో కాలువకి నీళ్ళు అందించేది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అసలు పథకం మెర్సీ నదినీ సెవర్న్ నదినీ కలపడం. రుయాబన్ బొగ్గు, ఇనుము తరలించడం. పోంట్‌కసిల్టె దాటాక కాలువ ఉత్తరంగా రెక్సమ్, చెస్టర్ వైపు పోవాలి. డబ్బులు చాలక అది ఆగిపోయింది. అంత గొప్ప అక్విడక్టు దాటి కాలువ ట్రెవర్‌లో ఒక గుంటలా ముగిసిపోయింది. పైనుంచి రావలసిన నీళ్ళూ రాలేదు. అప్పుడు డీ నది నుంచే నీళ్ళు మళ్ళించి, లాంగోలెన్ మీదుగా 1808కల్లా పిల్లకాలువ తవ్వారు. ఊళ్ళోకి కాలువ రావాలని ఎవరూ అనుకోలేదు, నీళ్ళ కోసం వచ్చింది.

అదే దాన్ని బతికించింది కూడా. రైళ్ళు వచ్చాక పడవలు పోయాయి. 1944లో చట్టం చేసి చుట్టుపక్కల కాలువలతో పాటు దీన్నీ పడవల రాకపోకలకి మూసేశారు. కానీ తాగునీళ్ళు పోతున్నాయి కదా, పూడ్చలేకపోయారు. ఇప్పటికీ రోజుకి 5 కోట్ల లీటర్లకి పైగా డీ నీళ్ళు ఈ కాలువలో చెషైర్‌లోని హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కి పోతాయి. ఇవాళ లక్షల మంది సెల్ఫీలు తీసుకునే కాలువ ఒకప్పుడు నీళ్ళ గొట్టంగా లెక్కలో ఉండి బతికిపోయింది. నాన్న ఆ కథంతా విని, "పంట కాలువకి ఎవడూ బోర్డు పెట్టడు, కానీ ఎవడూ పూడ్చలేడు" అన్నారు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

మధ్యాహ్నం ఊరి రేవు నుంచి గుర్రం లాగే పడవ ఎక్కాం. 1884 నుంచీ సందర్శకుల కోసం నడుస్తోంది. ఊరికి పైన కాలువ మరీ ఇరుకు, ఇంజను పడవలు వెళ్ళకూడదు. గుర్రం గట్టు మీద, పడవ నీళ్ళలో, మధ్యలో తాడు. చప్పుడు లేదు, గిట్టల శబ్దం తప్ప. ముప్పావు గంట. పిల్లలకి విసుగొస్తుంది, పెద్దవాళ్ళకి బంగారం. నాన్న చిన్నప్పుడు మా ఊరి కాలువ గట్టు మీద మనుషులే భుజాన తాడు వేసుకుని ధాన్యం పడవలు లాగడం చూశారట. "వీళ్ళు గుర్రాన్ని పెట్టారు, మనం మనిషిని పెట్టాం" అని ఊరుకున్నారు.

సాయంత్రం కాలువ మొదలయ్యే చోటుకి వెళ్ళాం, హార్స్‌షూ ఫాల్స్. పేరు విని జలపాతం అనుకుని వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి. టెల్ఫర్డ్ కట్టిన ఆనకట్ట అది, గుర్రపు నాడాలా వంపు తిరిగి 140 మీటర్ల పొడవు. ఎత్తు మాత్రం మనిషి నడుం దాటదు. "మా ఊళ్ళో కాలువ నీళ్ళు దూకే డ్రాప్ ఇంతకన్నా ఎత్తు" అన్నారు నాన్న ముందు. ఐదు నిమిషాలయ్యాక ఆయనే, "ఎత్తు అక్కర్లేదే. కాలువలోకి నీరు తిరిగితే చాలు. ఎంత కావాలో అంతే కట్టాడు" అన్నారు. పక్కన నీళ్ళు కొలిచే చిన్న ఇల్లుంది, మీటర్ హౌస్. తాళం వేసి ఉంది. ఆయన కిటికీ అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తుంటే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన, "మీరు ఇంజనీరా?" అని అడిగాడు. నాన్నకి అంతకన్నా ఏం కావాలి.

డీ నీళ్ళ గురించి ఇంకో కథ ఉంది, అది ఏ టూరిస్టు బోర్డు మీదా చూడలేదు. టి3 బస్సులో ఇంకా పైకి పోతే బాలా అనే ఊరు, దాని దగ్గరే ట్రవెరిన్ అనే ఉపనది. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం దాని మీద ఆనకట్ట కట్టి 1965లో కాపెల్ కెలిన్ అనే పల్లెని ముంచేశారు. అంతా వేల్ష్ మాట్లాడే ఊరు. బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు, ఇళ్ళు అన్నీ పోయాయి. పార్లమెంటులో వేల్స్ ఎంపీ ఒక్కరు కూడా ఆ బిల్లుకి ఓటు వేయలేదు, అయినా నెగ్గింది. లివర్‌పూల్ కౌన్సిల్ 2005లో క్షమాపణ చెప్పింది. 'ట్రవెరిన్‌ని గుర్తుపెట్టుకో' అని వేల్ష్‌లో రాసిన గోడలు ఆ దేశంలో చాలాచోట్ల కనిపిస్తాయి. మేం బస్సులోంచి ఒకటి చూశాం. నాన్న ఉద్యోగం చివరి రోజుల్లో పోలవరం ముంపు ఊళ్ళకి డ్యూటీ మీద వెళ్ళొచ్చారు. నేను ఇది చెప్తుంటే ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

మూడో రోజు మిగతావన్నీ గబగబా చూశాం. ముందు ప్లాస్ నెవిద్. 'కొత్త ఇల్లు' అని అర్థం. ఐర్లండ్‌లో పెద్దింటి ఆడవాళ్ళు ఇద్దరు, ఎలినార్ బట్లర్, సేరా పాన్సన్‌బీ, ఇష్టం లేని జీవితాల్లోకి నెడుతున్నారని 1778లో మగ బట్టలు వేసుకుని పారిపోయారు. మొదటిసారి దొరికిపోయారు, తర్వాత పట్టు వదల్లేదు. వేల్స్ తిరిగి తిరిగి 1780లో ఇక్కడ చిన్న ఇల్లు తీసుకుని, ఎలినార్ 1829లో పోయేదాకా యాభై ఏళ్ళు కలిసి బతికారు. రెండేళ్ళకి సేరా కూడా పోయింది. ఊరు లండన్-డబ్లిన్ దారి మీద ఉండటం వాళ్ళకి కలిసొచ్చింది, దారిన పోయే ప్రతి పెద్దమనిషీ వాళ్ళింట్లో ఆగేవాడు. వాల్టర్ స్కాట్, వెల్లింగ్టన్ ప్రభువు, వర్డ్స్‌వర్త్ అందరూ వచ్చారు. వర్డ్స్‌వర్త్ పద్యంలో వాళ్ళింటిని చూరు కిందకి వాలిన గుడిసె అన్నట్టు రాశాడని వాళ్ళకి కోపం వచ్చింది. వచ్చేవాళ్ళు చెక్కిన ఓక్ చెక్క ముక్క బహుమతిగా తెచ్చేవారు, వాటిని గోడలకి, తలుపులకి, మెట్లకి అంటించుకుంటూ పోయారు. ఇల్లంతా సింహాలు, దేవదూతలు, ద్రాక్షగుత్తులు. నాకు కాస్త ఊపిరాడలేదు. బయట నలుపు తెలుపు చెక్క పట్టీలు తర్వాతి యజమాని చేర్పించినవి. తోట మాత్రం ఎవరికైనా నచ్చుతుంది. వాళ్ళిద్దరికీ, వాళ్ళ పనిమనిషి మేరీ క్యారిల్‌కీ కలిపి కొలెన్ చర్చి ఆవరణలో మూడు ముఖాల సమాధి ఉంది. అమ్మ ఇల్లు చూసినంతసేపూ ఏమీ అనలేదు. సమాధి దగ్గర మాత్రం "పనిమనిషిని కూడా పక్కన పెట్టుకున్నారు చూడు" అంది.

వాలే క్రూసిస్ మఠం ఊరికి మైలున్నర. 1201లో పొవిస్ రాజు మాడోగ్ ఆప్ గ్రిఫిద్ సిస్టర్షన్ సన్యాసులకి కట్టించాడు, 1537లో ఎనిమిదో హెన్రీ మూయించాడు. గూటో గ్లిన్ అనే వేల్ష్ కవి చూపు పోయాక చివరి రోజులు ఇక్కడే గడిపి, మఠం పెద్ద పెట్టిన భోజనాల మీద పద్యాలు చెప్పాడట. మన ఆస్థాన కవులు గుర్తొచ్చారు. పడమటి గోడ, దాని కిటికీలు నిలిచాయి. వెనక చేపల చెరువులో గోడ నీడ పడుతుంది. పక్కనే క్యారవాన్ పార్క్ ఉండటం వల్ల ఫొటో తీయాలంటే కోణం వెతుక్కోవాలి. దగ్గర్లోనే ఎలీసెగ్ స్తంభం. 9వ శతాబ్దపు శిలువ, విరిగి మొండెం మిగిలింది. దాని మీది శాసనంలో వంశావళి చెక్కించారు. 1696లో ఎడ్వర్డ్ లూయిద్ అనే పండితుడు చదవగలిగినంత రాసిపెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది, ఇప్పుడు రాయి మీద అక్షరం మిగల్లేదు.

ఆవిరి రైలు. ఇక్కడ మేం తెలివితక్కువ పని చేశాం. రోజూ నడుస్తుందనుకుని మొదటి రోజు స్టేషన్‌కి వెళ్తే గేటు మూసి ఉంది. నడిచే రోజులు వేరు, ముందే చూసుకోవాలి. మూడో రోజు దొరికింది. 1965లో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు, పట్టాలు కూడా పీకేశారు. 1975 నుంచి ఔత్సాహికులు మళ్ళీ ఒక్కో మైలూ వేసుకుంటూ పదిమైళ్ళ దూరంలోని కోర్వెన్ దాకా తీసుకెళ్ళారు. 2023లో కోర్వెన్ కొత్త స్టేషన్ తెరిచారు. నది పక్కనే పట్టా, బొగ్గు వాసన, కిటికీలోంచి నలుసులు. మధ్యలో గ్లిన్‌డవర్‌డుయ్ స్టేషన్, 1400 సెప్టెంబర్ 16న ఒవైన్ గ్లిన్‌డూర్ తనని తాను వేల్స్ యువరాజుగా ప్రకటించుకున్నది ఈ చుట్టుపక్కలే. పదిహేనేళ్ళు ఇంగ్లండ్ రాజుతో పోరాడాడు, చివరికి ఎక్కడ చనిపోయాడో ఎవరికీ తెలియదు, ఎవరూ పట్టివ్వలేదు.

నాన్న రైల్లో కూర్చుని, "కోనసీమకి రైలు ఇంకా రానే లేదు. వీళ్ళకి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది" అన్నారు. ఎదురుగా ఉన్న ఇంగ్లీషు ఆవిడకి అనువదించి చెప్పాను. ఆవిడకి నవ్వాలో వద్దో తెలియలేదు.

తిండి విషయం శాకాహారులకి రెండు ముక్కలు. వేల్ష్ రేర్‌బిట్ అంటే రొట్టె మీద కరిగించిన చీజ్. చూడటానికి శాకాహారమే కానీ అందులో వేసే వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది, అడిగి తీసుకోండి. బారా బ్రిత్ అనే ఎండుద్రాక్ష రొట్టె టీతో బ్రహ్మాండంగా ఉంటుంది, గుడ్డు పడుతుంది. అమ్మ మూడు రోజులూ ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప, మేం డబ్బాలో తెచ్చిన పులిహోర, కందిపొడితో గడిపేసింది. మాంసం తినేవాళ్ళకి ఇబ్బంది లేదు. నది మీదకి చెక్క అరుగు కట్టిన పాత పిండిమర ఇప్పుడు పబ్, కార్న్ మిల్. లోపల నీటి చక్రం తిరుగుతూ ఉంటుంది. తిండి మామూలే అయినా ఆ అరుగు మీద కూర్చోవడానికి క్యూలో నిలబడినా నష్టం లేదు.

జూలైలో వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. అంతర్జాతీయ సంగీత ఐస్టెద్‌వాడ్, అంటే పాటల, నాట్యాల పోటీల ఉత్సవం, జరిగే వారం ఊళ్ళో గది దొరకదు. రెండో ప్రపంచ యుద్ధం గాయాలు పచ్చిగా ఉండగానే 1947లో మొదలుపెట్టారు, దేశదేశాల నుంచి పాడేవాళ్ళనీ ఆడేవాళ్ళనీ పిలిచి. 1949లో జర్మనీ నుంచి బృందం వస్తే ఎలా స్వాగతించాలా అని అంతా టెన్షన్ పడ్డారట, చివరికి స్నేహితులని పిలిచారు. 1955లో ఇటలీలోని మోడెనా నుంచి వచ్చి గెలిచిన బృందంలో తన తండ్రితో పాటు పాడిన కుర్రాడు లుచానో పావరోట్టి, తర్వాత ప్రపంచ ప్రసిద్ధ ఒపేరా గాయకుడయ్యాడు. మేం వెళ్ళినప్పుడు కొట్ల ముందు జెండాలు కడుతున్నారు, అంతే చూశాం.

డినస్ బ్రాన్ కోట ఎక్కడం నాకూ మా ఆయనకే కుదిరింది, చివరి రాత్రి. ఊరి వెనక కొండ మీద, గంట నిటారు నడక. ఎత్తు భయం ఉన్న మనిషి ఇది ఎక్కారు, కింద నేల కనపడుతోందిగా అన్నారు. 13వ శతాబ్దంలో గ్రిఫిద్ ఆప్ మాడోగ్ కట్టించాడు. ఇరవై ఏళ్ళు నిండకుండానే, 1277లో ఇంగ్లీషు సైన్యం వస్తోందని లోపలివాళ్ళే తగలబెట్టి పోయారు. నిలిచిన కాలం కన్నా పాడుబడిన కాలం ఎన్నో రెట్లు. బ్రాన్ అంటే కాకి. తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంది, మిగిలిన గోడల కన్నాల్లోంచి గాలి ఈల వేస్తోంది, నిజంగానే కాకులున్నాయి. పైనుంచి చూస్తే లోయలో నది, రోడ్డు, కాలువ, రైలు నాలుగు దారాల్లా పక్కపక్కనే.

కిందకి వచ్చేసరికి పదిన్నర. నాన్న గదిలో లేరు. వంతెన మీద ఉన్నారు, స్వెటర్ మీద శాలువా కప్పుకుని. పొద్దున బండ మీద సుద్దముక్కతో గీత గీసి వచ్చారట. నీళ్ళు నాలుగు వేళ్ళు పెరిగాయని, పైన ఎక్కడో వాన పడిందని చెప్పారు. మేం వంగి చూశాం. చీకట్లో మాకేం కనపడలేదు.